నది నుంచి కనుమకు పద్దెనిమిది కిలోమీటర్లు

ట్రైలరు లాగే ట్రక్కును ఎంచుకునేవారికి అరిజోనా ఎడారిలోని ఒక ఘాట్ రోడ్డు నేర్పే లెక్క

అమెరికా నైరుతి భాగంలో, కొలరాడో నది నెవాడా, అరిజోనా రాష్ట్రాల నడుమ హద్దుగా పారే చోట, ఎడారి మధ్య ఒక ఆనకట్ట ఉన్నది. దాని పేరు డేవిస్ డ్యామ్. లోకప్రసిద్ధమైన హూవర్ డ్యామ్‌కు 108 కిలోమీటర్లు దిగువన ఉన్న ఈ కట్టడాన్ని చూడటానికే పనిగట్టుకుని వచ్చే యాత్రికులు తక్కువ. దీని ఎత్తు 61 మీటర్లు. 1942లో మొదలైన పనులు యుద్ధం వలన ఆగి, 1946లో తిరిగి సాగి, 1951లో ముగిశాయి. పైనుంచి వచ్చే నీటిని క్రమబద్ధం చేసి, 1944 నాటి ఒప్పందం ప్రకారం మెక్సికోకు చెందవలసిన వాటాను సకాలంలో పంపడం ఈ ఆనకట్ట బాధ్యతలలో ముఖ్యమైనది.

ఆనకట్ట పనికి వచ్చినవారి శిబిరమే క్రమంగా పెరిగి బుల్‌హెడ్ సిటీ అనే పట్టణమైంది. నది ఒడ్డున ఎద్దు తలను పోలిన ఒక శిల ఉండేది. ఊరికి పేరు దాని వలన వచ్చింది. డ్యామ్ కట్టిన తరువాత ఆ శిల చాలావరకు మొహావీ సరస్సు నీటిలో మునిగిపోయింది. నదికి ఆవలి గట్టున, నెవాడా వైపున, లాఫ్లిన్ జూదగృహాల దీపాలు రాత్రంతా వెలుగుతుంటాయి. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్ దాటడం ఇక్కడ సర్వసాధారణం. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల గడిపినవారికి ఆ ఎండ కొత్త కాదు. కాని ఇక్కడ అది జూన్‌లో మొదలై సెప్టెంబరు వరకు విడువదు.

ఈ ఊరికి ప్రపంచంలోని మోటారు ఇంజనీర్ల వద్ద మరొక ప్రసిద్ధి ఉన్నది. ఊరి ఉత్తరపు అంచున 95వ నెంబరు రహదారి నుంచి చీలి తూర్పుగా నల్లకొండల మీదికి పోయే 68వ నెంబరు రహదారి దానికి కారణం. నది మట్టం నుంచి యూనియన్ పాస్ అనే కనుమ వరకు 11.4 మైళ్లు, అనగా సుమారు 18 కిలోమీటర్ల దూరంలో ఈ దారి 900 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతుంది. సగటున నూరు అడుగులకు ఐదు అడుగుల ఎక్కుడు. మన ఘాట్ రోడ్ల వంటి పదునైన మలుపులు ఇక్కడ లేవు. నాలుగు వరుసల విశాలమైన రహదారి. చూపుకు తేలికగానే కనిపిస్తుంది. దాని కాఠిన్యమంతా ఎడతెగనితనంలో ఉన్నది. ఒకసారి మొదలైన ఎక్కుడు, ఊపిరి తీసుకునే సమతలం ఇవ్వకుండా, పావుగంటకు పైగా యంత్రాన్ని పిండుతూనే ఉంటుంది. ఇరువైపులా క్రియోసోటు పొదలు, నాగజెముడు జాతి మొక్కలు, ఎండకు నల్లబడిన రాతిగుట్టలు తప్ప నీడ అన్నది కనిపించదు. ఈ కొండలలో తిరిగే పెద్దకొమ్ముల కొండగొర్రెలు ఆవలికి దాటడానికి రోడ్డు క్రింద ప్రత్యేకంగా దారులు కట్టారు.

అమెరికాలో అమ్ముడయ్యే పికప్ ట్రక్కు ఎంత బరువును లాగగలదని ప్రకటనలో చెప్పుకుంటుందో, ఆ అంకెకు ఈ రోడ్డే తూకపు రాయి.

పాత దారి, పాత కష్టం

నల్లకొండలు వాహనాలను పరీక్షించడం నేటి మాట కాదు. ఇక్కడికి దక్షిణంగా, ఇవే కొండల మీదుగా, 1926లో ఏర్పడిన 66వ నెంబరు జాతీయ రహదారి ఓట్‌మన్ అనే గనుల గ్రామం గుండా పోయేది. కాలిఫోర్నియాలో బ్రతుకుతెరువు వెదుక్కుంటూ పడమరకు సాగిన కుటుంబాలు సామానులతో క్రిక్కిరిసిన కార్లను ఆ ఇరుకు మలుపుల మీద ఎక్కించవలసి వచ్చేది. నాటి ఫోర్డు టి మోడలు కారులో పెట్రోలు పంపు లేదు. తొట్టి నుంచి ఇంధనం తన బరువుతో తానే ఇంజనుకు దిగాలి. ముక్కు పైకెత్తి నిటారుగా ఎక్కితే ఇంధనం అందేది కాదు. అందువలన కారును వెనుకకు త్రిప్పి, రివర్సు గేరులో కొండ ఎక్కించేవారు. ఆ ధైర్యం లేనివారు డబ్బిచ్చి మరొక బండి చేత లాగించుకునేవారు. 1950ల తొలి సంవత్సరాలలో రహదారిని కొండలకు దూరంగా మళ్లించడంతో ఆ కష్టం తీరింది.

నేడు ఆ ప్రాంతంలో లాగుడు వేరే విధం. వంట గది, పడకలు, స్నానపు గది అమర్చిన చక్రాల ఇళ్లు, సరస్సు మీద విహరించే పడవలు, గుర్రాలను తీసుకుపోయే పెట్టె బండ్లు — వీటిని పికప్ ట్రక్కు వెనుక తగిలించుకుని సెలవులకు బయలుదేరడం అక్కడి జీవనవిధానంలో భాగం. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలోనూ ఈ అలవాటు కనిపిస్తున్నది. ట్రక్కు కొనబోయేవారిని మొదట ఎదుర్కొనే ప్రశ్న ఇది: ఏ ట్రక్కు ఎంత లాగగలదు?

చాలాకాలం ఈ ప్రశ్నకు నమ్మదగిన సమాధానం లేదు. ప్రతి సంస్థా తన పద్ధతిలో తాను పరీక్షించుకుని తన అంకెను తాను ప్రకటించుకునేది. పోటీదారు వంద పౌండ్లు పెంచితే తానూ పెంచేది. ఈ పరిస్థితిని చక్కదిద్దడానికి అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంస్థ, ఎస్.ఏ.ఇ., 2008లో జె2807 అనే ప్రమాణాన్ని ప్రచురించింది. దానికి మొదట తలవంచినది టొయోటా. 2011 టుండ్రా మోడలుకు ఈ లెక్కనే పాటించింది. ప్రధాన అమెరికన్ సంస్థలు 2015 ప్రాంతానికి గాని పూర్తిగా ఈ దారికి రాలేదు. వచ్చినప్పుడు కొన్ని ట్రక్కుల అంకెలు తగ్గాయి. ట్రక్కులో మరలు ఏవీ మారలేదు. కొలత మాత్రమే మారింది.

మండుటెండలో పరీక్ష

ఆ ప్రమాణంలోని అంశాలు తెలుసుకోదగినవి. ట్రైలరు తగిలించిన సాధారణ పికప్ సమతలం మీద నిలిచిన చోటు నుంచి 30 సెకన్లలోగా గంటకు 60 మైళ్ల వేగం అందుకోవాలి. నూటికి పన్నెండు వంతుల ఎక్కుడు మీద ఆగిన స్థితి నుంచి ముందుకు ఐదుసార్లు, వెనుకకు ఐదుసార్లు కదలగలగాలి. ఆ పైన డేవిస్ డ్యామ్ ఘాట్. బయట ఉష్ణోగ్రత కనీసం 38 డిగ్రీలు ఉండాలి. లోపల శీతల యంత్రం పూర్తి స్థాయిలో నడుస్తూ ఉండాలి. ఈ స్థితిలో ట్రక్కు కనుమ వరకు గంటకు 40 మైళ్లకు, అనగా 64 కిలోమీటర్లకు తగ్గకుండా ఎక్కాలి; వెనుక ఇరుసుకు నాలుగు చక్రాలున్న భారీ ట్రక్కులకు 35 మైళ్లు చాలు. దారిలో ఏ భాగమూ చెడకూడదు, హెచ్చరిక దీపం వెలగకూడదు.

ఆ పావుగంటలో ట్రక్కు లోపల ఏమి జరుగుతున్నదో ఊహించండి. ట్రక్కు, ట్రైలరు, మనుషులు కలిసి 6,100 కిలోల బరువు అనుకుందాం. ఆ బరువును ఆ వేగంతో అంత ఎత్తుకు చేర్చడానికి, గాలి నిరోధాన్ని లెక్కించకుండానే, 70కి పైగా అశ్వశక్తి నిరంతరం వ్యయమవుతుంది. పెట్రోలులోని శక్తిలో సుమారు మూడవ వంతు మాత్రమే చక్రాలకు పనిగా అందుతుంది, తక్కినదంతా వేడి. ఆ వేడిని రేడియేటరు గాలిలోకి వదలాలి. ఆ గాలి అప్పటికే నిప్పులు చెరుగుతూ ఉన్నది. గేరు పెట్టెలోని నూనె కాగుతుంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలుచబడి, టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకు నూటికి మూడు వంతుల చొప్పున బలం కోల్పోతుంది. కొండకొమ్ముకు చేరేసరికి నూటికి పది వంతులు పోయినట్టే. టర్బో ఇంజనుకూ, డీజిలుకూ లాగుడు పనిలో ఆదరణ ఉండటానికి ఇదొక కారణం.

ఇంత కఠిన పరీక్షలో నెగ్గిన అంకెను నమ్మి ట్రక్కు కొనవచ్చు గదా అని పాఠకులు అడగవచ్చు. చిక్కు ఇక్కడే ఉన్నది. ఈ పరీక్షలో ట్రక్కులో కూర్చునేవారు ఇద్దరే. ఒక్కొక్కరి బరువు 68 కిలోల లెక్క. పిల్లలు లేరు, పెట్టెలు లేవు, సైకిళ్లు లేవు, కుక్క లేదు. కొండ చెప్పినది ట్రక్కు ఎంత లాగగలదో మాత్రమే. ఎంత మోయగలదో అది చెప్పలేదు.

నొగ బరువు

లాగడం వేరు, మోయడం వేరు. ఈ తేడా మన రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. రెండు చక్రాల ఎడ్లబండిలో బరువు ముందుకు మొగ్గితే కాడి ఎద్దుల మెడలను నొక్కి కురుపులు పుట్టిస్తుంది. వెనుకకు మొగ్గితే నొగ పైకి లేచి, మెడపట్టెలు గొంతుకు బిగుస్తాయి. అందుకే ధాన్యపు బస్తాలు వేసేటప్పుడు రైతు నొగ పట్టి ఎత్తి చూసి, ఒక బస్తాను ముందుకో వెనుకకో జరుపుతాడు. బండి బరువంతా ఇరుసు మీద ఉన్నా, ఎద్దుల మెడ మీద కొంత ఆనాలి. ఆ కొంత మితంగా ఉండాలి.

ట్రైలరు విషయమూ సరిగా అదే. దాని ముందు కొక్కెం ట్రక్కు మీద మోపే బరువును నొగ బరువు అనవచ్చు. సాధారణ ట్రైలరుకు ఇది మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు ఉండాలి. అంతకు తక్కువైతే వేగంలో ట్రైలరు పాము తోకవలె ఇటూ అటూ ఊగుతుంది. ఆ ఊపు పెరిగితే ట్రక్కునే రోడ్డు మీద నుంచి లాగివేస్తుంది. ఎక్కువైతే ట్రక్కు వెనుక భాగం క్రుంగి, ముందు చక్రాలు తేలికపడి, స్టీరింగు పట్టు తప్పుతుంది; ముందు బ్రేకుల బలమూ తగ్గుతుంది. ఈ నొగ బరువును ట్రక్కు లాగడం లేదు, మోస్తున్నది. అందుచేత అది మనుషులతో, సామానుతో కలిసి ట్రక్కు మోత లెక్కలోనికి వస్తుంది.

ఆ మోత పరిమితి ఎంతో ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించదు. డ్రైవరు తలుపు తెరిస్తే, తలుపు చట్రం మీద అంటించిన చిన్న చీటీలో ఉంటుంది: మనుషులు, సామాను కలిసి ఇన్ని కిలోలు, ఇన్ని పౌండ్లు దాటరాదు అని. అది ఆ మోడలుకు కాదు, ప్రత్యేకంగా ఆ ఒక్క ట్రక్కుకు చెందిన అంకె. ఒకే పేరుగల రెండు ట్రక్కులలో తోలు ఆసనాలు, గాజు పైకప్పు, నాలుగు చక్రాలకు చోదకశక్తి గల ఖరీదైన దాని మోత సామాన్యమైన దానికంటే తరచు వందకు పైగా కిలోలు తక్కువ. అలంకారాల బరువును కూడా ఆ ఇరుసులే మోయాలి గదా.

ఒక కుటుంబం లెక్క వేసి చూద్దాం. సామాను, నీరు నింపిన ట్రైలరు బరువు 3,200 కిలోలు. ట్రక్కు లాగుడు శక్తి 5,000 కిలోలని ప్రకటన. పరిమితిలో మూడింట రెండు వంతులైనా కాలేదని కొనేవాడు సంతోషిస్తాడు. ఇప్పుడు మోత చూడండి. నొగ బరువు నూటికి 13 వంతుల చొప్పున 416 కిలోలు. కొక్కెపు సరంజామా 45. తల్లి, తండ్రి, ఎదిగిన ఇద్దరు పిల్లలు 270. ట్రక్కులో వేసుకున్న పెట్టెలు, పనిముట్లు, సైకిళ్లు 115. మొత్తం 846 కిలోలు. తలుపు చీటీ మీద 680 అని ఉన్నది. లాగుడులో ఇంకా 1,800 కిలోల సావకాశం మిగిలి ఉండగానే, మోతలో 166 కిలోలు మించిపోయింది. ఇది అరుదైన ఉదాహరణ కాదు. కుటుంబంతో ప్రయాణించే అర టన్ను ట్రక్కులలో లాగుడు హద్దుకంటే ముందుగా మోత హద్దు తగలడమే రివాజు.

ఎంచుకునే క్రమం

కాబట్టి లెక్క ట్రక్కుతో కాక, ట్రైలరుతో మొదలుపెట్టాలి. అందులోనూ ఖాళీ ట్రైలరు బరువు పనికిరాదు. ఖాళీ ట్రైలరుతో విహారానికి పోయేవారెవరు? నీటి తొట్టిలోని 150 లీటర్లే 150 కిలోలు. గ్యాసు సిలిండర్లు, బ్యాటరీలు, వంటసామాను, కుర్చీలు చేరితే మరికొన్ని వందలు. అందుచేత ట్రైలరు పలక మీద చెక్కిన గరిష్ఠ బరువును ఆధారంగా తీసుకోవాలి. దానిలో నూటికి 13 వంతులు నొగ బరువు అనుకుని, కుటుంబాన్నీ సామానునూ కలిపి, ఆ మొత్తాన్ని మోయగల చీటీ ఉన్న ట్రక్కునే వెదకాలి. లాగుడు అంకెను ఆ తరువాత చూడవచ్చు. చాలాసార్లు అప్పటికే అది తీరిపోయి ఉంటుంది.

అమెరికాలో ఈ ట్రక్కులను అర టన్ను, ముప్పావు టన్ను, ఒక టన్ను అని మూడు తరగతులుగా పిలుస్తారు. ఒకప్పుడు ఇవి మోయగల బరువును సూచించిన పేర్లు; నేడు వాటి అసలు సత్తా అంతకంటే చాలా ఎక్కువ, పేర్లు మాత్రం నిలిచిపోయాయి. కుటుంబం చిన్నదై, ట్రైలరు రెండున్నర వేల కిలోల లోపు అయితే అర టన్ను ట్రక్కు సాధారణంగా సుఖంగా సరిపోతుంది. మూడు వేలు దాటితే ముప్పావు టన్ను తరగతి వైపు చూడటం వివేకం. అయితే ఇక్కడా ఒక మెలిక ఉన్నది: భారీ డీజిలు ఇంజను తన బరువును తానే మోత నుంచి మినహాయించుకుంటుంది. కనుక ఏ తరగతి ట్రక్కునైనా తలుపు తెరిచి చీటీ చదవక తప్పదు.

తక్కిన అంశాలు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ముందు, వెనుక ఇరుసుల నడుమ దూరం ఎక్కువైన ట్రక్కు ట్రైలరు ఊపును బాగా తట్టుకుంటుంది. వెనుక ఇరుసు పళ్ల నిష్పత్తి అంకె పెద్దదైతే లాగుడు సులువు, ఖాళీగా తిరిగేటప్పుడు ఇంధనం ఖర్చు కొంత ఎక్కువ. బరువును ముందు ఇరుసుకు కూడా పంచే ప్రత్యేకమైన కొక్కెం ఉన్నది; అది ట్రక్కును సమంగా నిలుపుతుంది గాని తలుపు చీటీ మీది అంకెను పెంచదు. విద్యుత్ ట్రక్కులకు లాగే బలానికి లోటు లేదు; కాని పెద్ద ట్రైలరు తగిలిస్తే ఒక చార్జింగుతో పోగల దూరం ఇంచుమించు సగానికి పడిపోతున్నది. జనావాసాలు దూరదూరంగా ఉండే ఇటువంటి ఎడారిలో ఆ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

దిగుడు

కనుమ దాటితే దారి గోల్డెన్ వ్యాలీ అనే విశాలమైన లోయలోకి జారుతుంది. నది నుంచి సుమారు 45 కిలోమీటర్ల వద్ద ఈ రోడ్డు ముగిసి, మరొక రహదారిలో కలుస్తుంది. దాని మీద కింగ్‌మన్ పట్టణం చేరువలోనే ఉన్నది. దూరప్రాంతపు లారీలు ఆగే ఇటువంటి పట్టణాలలో తూకపు వేదికలు ఉంటాయి. స్వల్ప రుసుము చెల్లిస్తే ముందు ఇరుసు, వెనుక ఇరుసు, ట్రైలరు ఇరుసుల బరువులను వేర్వేరుగా తూచి కాగితం ఇస్తారు. కొత్తగా ట్రైలరు కొన్న కుటుంబం నిండు సామానుతో ఒకసారి ఆ వేదిక ఎక్కితే, అంతవరకు ఊహలో ఉన్న లెక్క నిజమైన అంకెలలో కనిపిస్తుంది. మించితే సామాను తగ్గించుకోవచ్చు; నీటి తొట్టిని ఖాళీ చేసి, గమ్యం చేరిన తరువాత నింపుకోవచ్చు.

ఈ తూకం విలువ తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది. కనుమ నుంచి నది వైపు దిగేటప్పుడు దృశ్యం అద్భుతం: కాళ్ల క్రింద నల్లని గుట్టలు, వాటికి దిగువ ఎడారి నడుమ నీలపు చారగా కొలరాడో, అవతల నెవాడా కొండలు. చక్రం పట్టినవాడికి మాత్రం దృశ్యం చూసే తీరిక ఉండరాదు. ఎక్కేటప్పుడు ఆ 6,100 కిలోలకు ఇంజను పోసిన శక్తినంతటినీ ఇప్పుడు తిరిగి వదిలించుకోవాలి. గాలి నిరోధం హరించేది పోగా తక్కినదంతా ఇంజను అయినా ఆపాలి, బ్రేకులైనా ఆపాలి. ఆ శక్తి మొత్తం ఎంతంటే, ఇరవై లీటర్ల చన్నీటిని మరగబెట్టి పూర్తిగా ఆవిరి చేయడానికి చాలుతుంది. అదంతా బ్రేకుల మీదనే వేస్తే అవి కాగి పట్టు కోల్పోతాయి. పెడలు నొక్కినా బండి ఆగదు. బలహీనమైన ఇంజను కొండ ఎక్కేటప్పుడు నెమ్మదిస్తుంది, అంతకంటే కీడు జరగదు. బరువు మించిన బండి దిగేటప్పుడు నెమ్మదించదు.

అందుకే ఈ దిగుడులో, పట్టు తప్పిన లారీలు దూరి ఆగడానికి కంకర నింపిన పక్కదారి ఏర్పాటు చేశారు. మూడు వేల పౌండ్లు, అనగా సుమారు 1,360 కిలోలు తూగే ట్రైలర్లకు సొంత బ్రేకులు ఉండాలని అరిజోనా చట్టం. ఆ బ్రేకులను విడిగా నొక్కగల సాధనం డ్రైవరు చేతికి అందేటట్టు అమర్చుకోవాలి. ట్రైలరు ఊగడం మొదలైతే ట్రక్కు బ్రేకు తొక్కకూడదు; యాక్సిలరేటరు వదిలి, స్టీరింగును తిన్నగా పట్టి, ట్రైలరు బ్రేకును మాత్రం నొక్కాలి. వేగం విషయంలో మన ఘాట్ రోడ్ల లారీ డ్రైవర్ల సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. గేరు తగ్గించడం వాలు మొదలైన తరువాత కాదు, కనుమ మీదనే జరగాలి.

బుల్‌హెడ్ సిటీ పొలిమేరలో వాలు ముగిసేచోట రహదారి కూడలి ఉన్నది. అక్కడ ఎర్రదీపం వెలిగి ఉంటే ఆగక తప్పదు. వెనుక సీటులో పిల్లలు నది కనబడిందని కేకలు వేస్తుంటారు. ఆ క్షణంలో పెడలు మీద కాలు మోపిన తండ్రికి ప్రకటనలోని ఐదు వేల కిలోల మాట సాయపడదు. ట్రక్కు కొన్ననాడు తలుపు తెరిచి, ఆ చిన్న చీటీ చదివి, దాని ప్రకారం సామాను సర్దుకున్నవాడైతే బండి గీతకు ఇవతలే నిలుస్తుంది.